ఫ్రీక్వెన్సీ కదలకుండా నిలవాలంటే

సొంత చేత్తో కట్టిన ట్రాన్స్‌సీవర్‌లో మొదటిసారి మాట వినబడిన పూట కలిగే సంతోషం అంతా ఇంతా కాదు. అది చెడిపోవడానికీ ఎక్కువసేపు పట్టదు. పది నిమిషాలు గడిచేసరికి అవతలి మనిషి గొంతు సన్నబడుతుంది, లేదా బొంగురుపోతుంది. డయల్ కాస్త తిప్పి సరిచేస్తారు. ఇంకో పది నిమిషాలకు మళ్లీ అదే కథ. ‘ఓఎం, మీరు జరిగిపోతున్నారు’ అని అవతలివారు మర్యాదగానే చెబుతారు. చాలామంది కొత్తవాళ్లు తమ రిగ్గును అటకెక్కించేది ఇక్కడే. అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం, ఎందుకంటే ఇంతదూరం వచ్చినవారికి ఇక చేయాల్సింది చాలా కొద్దిగా మిగిలి ఉంటుంది.

డ్రిఫ్ట్ అని మనమంతా పిలుచుకునే ఈ జారుడుకు కారణాలు ఉంటాయి. ప్రతి కారణాన్నీ విడిగా కొలవవచ్చు. కొలిచినదాన్ని తగ్గించవచ్చు. కొలవకుండా మార్చిన కెపాసిటర్ డబ్బు దండగ, కాలం దండగ.

ముందుగా మనం అడుగుతున్నది ఎంత కష్టమైన పనో తెలుసుకోవాలి. మన దేశపు హ్యామ్‌లు ఎక్కువగా వాడే 40 మీటర్ల బ్యాండ్ 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. ఈ బ్యాండ్ కోసం కట్టుకునే రిగ్గుకు చేతికందే ఉదాహరణ హైదరాబాద్ హ్యామ్ అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్40. వీయూ2ఈఎస్ఈ అనే ఆయన కాల్‌సైన్ ప్రపంచమంతటా సొంత రిగ్గులు కట్టేవారికి తెలుసు. 2016లో వచ్చిన ఆ బోర్డులో క్రిస్టల్ ఫిల్టర్ 12 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. డయల్ తిప్పితే మారే ఆసిలేటర్, అంటే వీఎఫ్ఓ, 4.8 నుంచి 5 మెగాహెర్ట్జ్ వరకు తిరుగుతుంది. 12లోంచి 5 తీస్తే 7, 12లోంచి 4.8 తీస్తే 7.2. వీఎఫ్ఓను ఇలా కింది ఫ్రీక్వెన్సీలో పెట్టడమే స్థిరత్వానికి తొలి మెట్టు. అదే శాతం జారినా 5 మెగాహెర్ట్జ్ దగ్గర జారే హెర్ట్జ్‌లు, 12కు 7 కలిపి వీఎఫ్ఓను 19 మెగాహెర్ట్జ్ దగ్గర పెడితే జారేవాటికన్నా చాలా తక్కువ.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. పసుపు రంగు టీ50-6 టొరాయిడ్ మీద 25 చుట్లు చుడితే సుమారు 2.5 మైక్రోహెన్రీల కాయిల్ వస్తుంది. దాన్ని 4.9 మెగాహెర్ట్జ్ దగ్గర నిలపాలంటే మొత్తం 422 పికోఫారడ్‌ల కెపాసిటీ కావాలి. 4.8 నుంచి 5 దాకా పూర్తిగా తిరగడానికి మార్చవలసింది 35 పికోఫారడ్‌లే. మరి ఒక్క పికోఫారడ్ మారితే? ఫ్రీక్వెన్సీ దాదాపు 5.8 కిలోహెర్ట్జ్ జరుగుతుంది. పికోఫారడ్‌లో నూరో వంతు మారితే 58 హెర్ట్జ్. ఎస్ఎస్‌బీ మాటలో 50 హెర్ట్జ్ తేడా వచ్చేసరికి చెవి పట్టేస్తుంది. అంటే ఒక తీగ వెంట్రుకవాసి వంగినా, పెట్టె మూత కొద్దిగా నొక్కుకున్నా, కాయిల్ దగ్గరికి చెయ్యి వచ్చినా అవతలి శ్రోతకు తెలిసిపోతుంది. ఈ అంకెను మనసులో ఉంచుకుంటే కింద చెప్పబోయే ప్రతి జాగ్రత్తా ఎందుకో దానంతటదే అర్థమవుతుంది.

కాగితం, గడియారం, కౌంటర్

సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోకముందు ఒక సాయంత్రం కేవలం కొలవడానికి కేటాయించండి. రిగ్గు కనీసం రెండు మూడు గంటలు ఆపి ఉండాలి. స్విచ్ వేసిన క్షణం నుంచి నిమిషానికొకసారి ఫ్రీక్వెన్సీ రాయండి, గంటసేపు. పక్కనే గది ఉష్ణోగ్రత, బ్యాటరీ వోల్టేజీ కూడా రాయండి. ఫ్రీక్వెన్సీ కౌంటర్‌ను ముందే అరగంట వేడెక్కనివ్వాలి. దాని లోపలా ఒక క్రిస్టల్ ఉంది, అదీ జరుగుతుంది. చవక కౌంటర్ కిట్లలో ఆ క్రిస్టల్ మామూలు రకం, అందుకే కొలిచేదీ కొలవబడేదీ రెండూ కదులుతుంటే ఫలితం అర్థం లేనిదవుతుంది. ఒక పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) టీసీఎక్స్ఓ, అంటే వేడి ప్రభావాన్ని తానే సరిదిద్దుకునే క్రిస్టల్ ఆసిలేటర్, ఉన్న ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ ఉంటే ఇంకా మంచిది. వాటర్‌ఫాల్ తెరమీద స్థిరమైన సంకేతం నిట్టనిలువు గీతలా కనబడుతుంది, జారేది ఏటవాలుగా సాగుతుంది. ఎన్ని మాటల్లో చెప్పినా ఆ గీత చెప్పినంత స్పష్టంగా చెప్పలేం.

గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెట్టి కలపండి. ఆ గీత ఆకారమే రోగం పేరు చెబుతుంది. మొదటి అయిదు పది నిమిషాల్లో గబగబా జారి తర్వాత నెమ్మదిస్తే, అది ట్రాన్సిస్టర్, చుట్టుపక్కల కాంపోనెంట్ల సొంత వేడి. గంటంతా ఒకే వాలులో జారుతుంటే పెట్టె మొత్తం నెమ్మదిగా వేడెక్కుతోందని అర్థం. పైకీ కిందికీ అలలలా ఊగుతుంటే తల పైకెత్తి చూడండి, సీలింగ్ ఫ్యాను గాలి నేరుగా బోర్డుకు తగులుతూ ఉంటుంది. ఉన్నట్టుండి 100, 200 హెర్ట్జ్ మెట్టులా దూకితే అది వేడి కాదు. చెడిన కెపాసిటర్, సరిగ్గా కరగని టంకం, ట్రిమ్మర్‌లో దుమ్ము, లేదా అరిగిన పొటెన్షియోమీటర్. మాట్లాడే మీట (పీటీటీ) నొక్కిన క్షణాన దూకి, వదలగానే వెనక్కి వస్తే తప్పు సప్లైదో లోడ్‌దో. మాట్లాడుతున్నప్పుడు మాటతోపాటు ఫ్రీక్వెన్సీ వణికితే, ప్రసారపు శక్తి వెనక్కి వచ్చి వీఎఫ్ఓలో దూరుతోంది.

ఈ ఆరు రకాల్లో మీది ఏదో తేలకుండా తర్వాతి పేజీకి వెళ్లకండి. రెండు మూడు కలిసి ఉండటం కూడా మామూలే. అప్పుడు దూకుళ్లను ముందు సరిచేయాలి. అవి ఉండగా వేడి సంగతి కొలవలేం. ప్రసారపు పరీక్షలన్నీ డమ్మీ లోడ్ మీదే చేయాలని, యాంటెన్నా తగిలించడానికి లైసెన్సు చేతిలో ఉండాలని వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను.

వేడి

మన తెలుగు ఊళ్లలో వీఎఫ్ఓకు అసలు శత్రువు ఇదే. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో మేడ మీది గది తెల్లవారుజామున ఎంత చల్లగా ఉన్నా, మధ్యాహ్నానికి పది డిగ్రీలు పెరగడం వింతేమీ కాదు. పసుపు టొరాయిడ్ పదార్థానికి డిగ్రీకి 35 పీపీఎం మార్పు ఉంటుంది. ఫ్రీక్వెన్సీ దానిలో సగం, అంటే డిగ్రీకి 17.5 పీపీఎం కిందికి జారుతుంది. 5 మెగాహెర్ట్జ్ దగ్గర అది డిగ్రీకి 87 హెర్ట్జ్. పది డిగ్రీలకు దాదాపు 900 హెర్ట్జ్! అదే ఎర్ర టొరాయిడ్, టీ50-2 వాడితే 95 పీపీఎం, డిగ్రీకి 240 హెర్ట్జ్ దాకా పోతుంది. అందుకే వీఎఫ్ఓకు ఎర్రది వద్దు, పసుపుదో తెల్లరంగు 7వ రకానిదో వాడండి. ఎర్రది ఫిల్టర్లకు దాచుకోండి. టొరాయిడ్లు దొరకని రోజుల్లో మనవాళ్లు నల్లా వాషర్ల మీద చుట్టి పని జరుపుకున్నారు, చుట్లు గట్టిగా నిలిస్తే అవీ పనికొస్తాయి.

కెపాసిటర్ల విషయంలో ఇంకా కఠినంగా ఉండాలి. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో గుప్పెడు సిరామిక్ డిస్కులు చవకగా ఇస్తారు, చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి. ఎన్‌పీ0 రకం డిస్కులకు తలపై నల్లరంగు పూత ఉంటుంది. వాటి మార్పు డిగ్రీకి 30 పీపీఎం మించదు. ఎక్స్7ఆర్ రకం తన ఉష్ణోగ్రతల పరిధిలో 15 శాతం దాకా మారవచ్చు. వై5వీ అయితే ఎండలో సగానికి పైగా పోగొట్టుకోగలదు. సప్లైలో బైపాస్‌గా రెండూ పనికొస్తాయి. ఆసిలేటర్ ట్యాంకులో మాత్రం చిన్న 10 పీఎఫ్ విలువలో కూడా వాటిని రానివ్వకండి. ఒక పెద్ద ఎన్‌పీ0 బదులు మూడు నాలుగు చిన్నవాటిని సమాంతరంగా పెడితే ప్రవాహం పంచుకుని ఒక్కొక్కటి తక్కువ వేడెక్కుతుంది.

కాయిల్ చుట్టాక దాన్ని అలాగే బోర్డుకెక్కించకండి. మరిగే నీళ్లలో కొన్ని నిమిషాలు ఉంచి, తీసి, మెల్లగా చల్లారనివ్వండి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే చుట్టేటప్పుడు తీగలో మిగిలిన బిగువు వదులుతుంది. బాగా ఆరాక మైనం పూసి చుట్లను కదలకుండా చేసి, నైలాన్ స్క్రూతో బిగించాలి. బోర్డు విషయంలో నాది గట్టి అభిప్రాయం: వీఎఫ్ఓ భాగానికి ఒకవైపు రాగి ఉన్న బోర్డే వాడాలి. రెండువైపులా రాగి ఉంటే ప్రతి ట్రాక్ కింద ఫైబర్ పొర ఒక కెపాసిటర్‌గా మారుతుంది, దాని విలువ వేడితో బాగా మారుతుంది. పికోఫారడ్‌లో నూరో వంతు లెక్క గుర్తుంది కదా.

ఆసిలేటర్‌లో తిరిగే శక్తి ఎంత తక్కువైతే సొంత వేడి అంత తక్కువ. బీఎఫ్‌డబ్ల్యూ10, జే310 లాంటి ఎఫ్ఈటీని కొద్ది మిల్లీఆంపియర్లతో నడపండి, బలం కావాలంటే తర్వాతి దశలో పెంచుకోండి. వోల్టేజీ రెగ్యులేటర్‌ను పెట్టె బయట పెట్టాలి. వీఎఫ్ఓను రేకుపెట్టెలో మూసి, ఫైనల్ ట్రాన్సిస్టర్ హీట్‌సింక్‌కు ఎంత దూరంగా ఉంచగలిగితే అంత దూరంగా ఉంచండి. పెట్టె లోపల వేడి అసలు లేకుండా చేయలేం, మెల్లగా మారేలా మాత్రం చేయగలం. మెల్లని మార్పును డయల్‌తో సరిచేసుకోవచ్చు.

ఇవన్నీ చేశాక కూడా మిగిలే వాలును కెపాసిటర్లతోనే రద్దు చేయవచ్చు. దీని గురించి వెస్ హేవర్డ్ 1993 డిసెంబరు క్యూఎస్‌టీ పత్రికలో రాసిన వ్యాసం ఇప్పటికీ ఈ పనికి దారి చూపుతుంది. కాయిల్ వేడికి పెరుగుతుంది, కాబట్టి వేడికి తగ్గే కెపాసిటర్ కొంత చేర్చాలి. పాలిస్టైరీన్ రకం డిగ్రీకి సుమారు 150 పీపీఎం తగ్గుతుంది. ఊదారంగు తల ఉన్న ఎన్750 డిస్కు 750 పీపీఎం తగ్గుతుంది. కాయిల్ తాలూకు 35 పీపీఎంను రద్దు చేయాలంటే 422 పికోఫారడ్‌లలో సుమారు 100 పాలిస్టైరీన్ పెట్టాలి, లేదా 20 పీఎఫ్ మేర ఎన్750 పెట్టాలి, మిగతాదంతా ఎన్‌పీ0. ఇది లెక్క ప్రకారం. మీ బోర్డుకు సరిపోయే విలువ మాత్రం పరీక్షలోనే తేలుతుంది. థర్మోకోల్ పెట్టెలో రిగ్గును, ఒక చిన్న మామూలు బల్బును, థర్మామీటర్‌ను పెట్టండి. బల్బు వెలిగించి పది డిగ్రీలు పెంచి, ఫ్రీక్వెన్సీ ఎటు జరిగిందో చూడండి. కిందికి జరిగితే ఎన్750 ఇంకాస్త పెంచాలి, పైకి జరిగితే ఎక్కువ వేశారన్నమాట. బల్బు థర్మోకోల్‌కు తగలకుండా చూసుకోండి. పాలిస్టైరీన్ కెపాసిటర్లకు టంకం వేడి పడదు, కాళ్లను పట్టకారుతో పట్టుకుని త్వరగా అతకాలి.

ఈ పనిలో ఓపిక తప్ప మరో నైపుణ్యం అక్కర్లేదు. ఒకసారికి ఒకే మార్పు చేయండి, చేసిన ప్రతి మార్పు తర్వాత పెట్టె పూర్తిగా చల్లారనివ్వండి. తొందరపడి ఒకేసారి రెండు కెపాసిటర్లు మారిస్తే మంచి ఎవరిదో చెడు ఎవరిదో ఎప్పటికీ తెలియదు.

వోల్టేజీ, లోడ్

కరెంటు పోయి ఇన్వర్టర్‌కో బ్యాటరీకో మారే ఇళ్లు మనవి. 13.8 వోల్టులున్నది నెమ్మదిగా 11.5కు దిగుతుంది. వీఎఫ్ఓకు దాని సొంత రెగ్యులేటర్ తప్పనిసరి. జీనర్ డయోడ్ వాడేవారు 5.1, 5.6 వోల్టుల రకాన్ని ఎంచుకోవాలి. ఆ విలువల దగ్గర జీనర్ వోల్టేజీ వేడికి దాదాపు మారదు, 9.1 వోల్టుల జీనర్ మాత్రం వేడితోపాటు పెరుగుతుంది. పరీక్ష సులభం: సప్లైను 11 నుంచి 14 వోల్టుల దాకా తిప్పి కౌంటర్ చూడండి. పదుల హెర్ట్జ్‌లు కదిలితే రెగ్యులేటర్ తన పని చేయడం లేదు.

వారక్టర్ డయోడ్‌తో ట్యూనింగ్ చేసేవారికి ఈ జాగ్రత్త రెట్టింపు ఉండాలి. ట్యూనింగ్ వోల్టేజీలో కొద్ది మిల్లీవోల్టుల అలజడి కూడా నేరుగా ఫ్రీక్వెన్సీగా బయటికి వస్తుంది. అదీగాక వారక్టర్ తానే వేడికి మారుతుంది, తక్కువ వోల్టేజీ దగ్గర ఎక్కువగా మారుతుంది. అందుకే దాన్ని చిన్న ఎన్‌పీ0 కెపాసిటర్ ద్వారా ట్యాంకుకు తగిలించి, 2 వోల్టులకన్నా పైన పనిచేసేలా చూడాలి. పది చుట్ల పొటెన్షియోమీటర్ ఖరీదు పెట్టి కొన్నా నష్టం లేదు.

పీటీటీ నొక్కగానే దూకే రోగానికి మందు బఫర్. ఆసిలేటర్ నుంచి 3, 4 పికోఫారడ్‌ల చిన్న కెపాసిటర్ ద్వారా మాత్రమే సంకేతాన్ని తీసి, ఎఫ్ఈటీ సోర్స్ ఫాలోయర్‌కు ఇచ్చి, ఆ తర్వాతే మిక్సర్‌కు పంపాలి. వినేటప్పుడూ మాట్లాడేటప్పుడూ వీఎఫ్ఓ ఆగకుండా నడుస్తూనే ఉండాలి, ఆన్ ఆఫ్ చేయకూడదు. సీడబ్ల్యూ చేసేవారి చుక్కలూ గీతలూ పక్షి కూతలా వినిపిస్తే, తప్పు ఈ రెంటిలో ఒకచోటే ఉంటుంది.

ఎలక్ట్రానిక్ కాపలా

ఇన్ని చేసినా మిగిలే జారుడును క్రిస్టల్ సాయంతో కట్టడి చేసే పద్ధతిని డచ్ హ్యామ్ క్లాస్ స్పార్‌గారెన్ 1970ల్లో ప్రచారంలోకి తెచ్చాడు. దానికి హఫ్ అండ్ పఫ్ అనే పేరు స్థిరపడింది. ఈ సర్క్యూట్ ఒక క్రిస్టల్ గడియారం ప్రకారం వీఎఫ్ఓను క్రమం తప్పకుండా లెక్కిస్తూ, లెక్క చివరి అంకె ఒకటా సున్నానా అని చూస్తుంది. దాన్నిబట్టి ట్యాంకులోని చిన్న వారక్టర్‌ను అటో ఇటో ఒక పిసరు నెడుతుంది. ఫలితంగా వీఎఫ్ఓ దగ్గరలోని ఒక మెట్టు దగ్గర తాళం పడ్డట్టు నిలుస్తుంది. చవక లాజిక్ ఐసీలతో ఇది కట్టుకోవచ్చు. అయితే దీని నెట్టుడు చాలా మెల్లనిది. నిమిషానికి వందల హెర్ట్జ్ జారే ఆసిలేటర్‌ను ఇది పట్టలేదు, ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు దాటవేస్తుంది. ముందు చెప్పిన పనులు చేసినవారికే ఇది ఉపయోగం.

ఈ రోజుల్లో ఎక్కువమంది నేరుగా ఎస్ఐ5351 చిప్పుకు వెళతారు. బిట్‌ఎక్స్40కి కూడా వారక్టర్ వీఎఫ్ఓ స్థానంలో ఆర్డ్వినో నానో, ఎస్ఐ5351 కలిసిన రాడ్వినో బోర్డు వచ్చింది. ఆ చిప్ 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ నుంచి 600, 900 మెగాహెర్ట్జ్ మధ్య లోపలి ఆసిలేటర్‌ను లాక్ చేసి, దాన్ని భాగించి కావలసిన ఫ్రీక్వెన్సీ ఇస్తుంది. మంచి మార్గమే. కానీ డ్రిఫ్ట్ దాంతో మాయమవదు, కాయిల్ దగ్గర్నుంచి ఆ 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ దగ్గరికి మారుతుంది. క్రిస్టల్ 10 పీపీఎం జరిగితే 7 మెగాహెర్ట్జ్ దగ్గర 70 హెర్ట్జ్ తప్పు వస్తుంది. ఎస్ఐ5351 చిప్ కొద్దిగా వేడెక్కుతుంది, పక్కనే అతికిన క్రిస్టల్‌కు ఆ వేడి చేరుతుంది. కాబట్టి రిగ్గును పదిహేను నిమిషాలు నడిపాకే కాలిబ్రేషన్ చేయండి. 10 మెగాహెర్ట్జ్ దగ్గర వినిపించే చైనా కాలసంకేత స్టేషన్ బీపీఎంతో బీట్ కలిపి సరిచూసుకోవచ్చు. క్రిస్టల్ మీద చిన్న స్పాంజి ముక్క కప్పి గాలి తగలకుండా చేస్తే చాలావరకు శాంతిస్తుంది. అప్పటికీ చాలకపోతే టీసీఎక్స్ఓ ఉన్న ఎస్ఐ5351 బోర్డు కొనండి.

ఎంత స్థిరత్వం కావాలన్నది మీరు చేసే పనిని బట్టి ఉంటుంది. ఎఫ్‌టీ8లో స్వరాల మధ్య దూరం 6.25 హెర్ట్జ్ మాత్రమే, ఒక్కో ప్రసారం 12.64 సెకన్లు. ఆ కాసేపటిలో కొద్ది హెర్ట్జ్‌లు జారినా డీకోడ్ కష్టమవుతుంది. డబ్ల్యూఎస్‌పీఆర్‌లో స్వరాల దూరం ఒకటిన్నర హెర్ట్జ్ లోపే, ప్రసారం దాదాపు రెండు నిమిషాలు సాగుతుంది. వీటికి చేత్తో చుట్టిన కాయిల్ మీద ఆధారపడవద్దు. ఇక మన ఆకాశంలో కూడా అందే క్యూఓ-100 ఉపగ్రహాన్ని డిష్ ఎల్ఎన్‌బీతో వినాలనుకునేవారికి లెక్క మరీ పెద్దది. ఎల్ఎన్‌బీలోని 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌ను 390 రెట్లు పెంచి 9750 మెగాహెర్ట్జ్ చేస్తారు. అక్కడ ఒక్క పీపీఎం అంటే దాదాపు 10 కిలోహెర్ట్జ్. మేడ మీద మబ్బు నీడ పడితేనే స్టేషన్ జరిగిపోతుంది. ఆ పనికి టీసీఎక్స్ఓ ఎల్ఎన్‌బీ కావాలి, లేదా జీపీఎస్‌కు లాక్ అయిన 25 మెగాహెర్ట్జ్ సంకేతం కావాలి.

మాట కోసం కట్టుకున్న 40 మీటర్ల రిగ్గు అయితే, అరగంట వేడెక్కాక గంటసేపట్లో 50 హెర్ట్జ్ లోపు నిలిస్తే చాలు. కాయిల్, కెపాసిటర్లతో ఈ గురి అందుతుంది. అది అందిన రోజున ఇక మరో కెపాసిటర్ మార్చకండి. పెట్టె మూత బిగించి, గ్రాఫ్ కాగితాన్ని ఆ మూత లోపలే అతికించి, బ్యాండు మీదికి రండి.